రొమ్ము పునర్నిర్మాణం: అదే ఆపరేషన్‌లోనా, తర్వాతా?

పాఠకుల ప్రశ్నలు, డాక్టరు సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 46 సంవత్సరాలు. కుడి రొమ్ములో క్యాన్సర్ ఉన్నట్టు గత నెలలో బయాప్సీలో తేలింది. గడ్డలు రెండు వేర్వేరు చోట్ల ఉన్నందువల్ల కొంత భాగం మాత్రమే తీస్తే సరిపోదని, రొమ్మును పూర్తిగా తొలగించాలని సర్జన్ చెప్పారు. దానికి మనసును సిద్ధం చేసుకున్నాను. అయితే మొన్న కలిసినప్పుడు, "కావాలంటే అదే ఆపరేషన్‌లో ప్లాస్టిక్ సర్జన్ కొత్త రొమ్మును నిర్మిస్తారు, రెండు మూడు రోజుల్లో మీ నిర్ణయం చెప్పండి" అన్నారు. ఆపరేషన్‌కు ఇంకా 12 రోజులు ఉంది. ఇంట్లో తలా ఒక మాట చెబుతున్నారు. మా అక్క "ముందు ప్రాణం దక్కనీ, అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు" అంటోంది. మా అమ్మాయి "ఒకే మత్తులో అన్నీ అయిపోతాయి కదమ్మా, మళ్లీ మళ్లీ కోయించుకోవడం ఎందుకు" అంటోంది. మా వారు "నీ ఇష్టం" అని ఊరుకుంటున్నారు. ఆ మాట నాకు ఊరటగా కాక బరువుగా తోస్తోంది. ఒక పక్క చదునుగా ఉంటే ఎలా ఉంటుందోనని అద్దం ముందు నిలబడి చేత్తో అదిమి చూసుకున్నాను. ఈ వయసులో దీని గురించి ఇంతగా ఆలోచిస్తున్నందుకు సిగ్గుగా కూడా ఉంది. కొత్త రొమ్ము వెనుక క్యాన్సర్ మళ్లీ వస్తే కనిపించదేమోనన్న భయం ఒకటి. నాకు 6 సంవత్సరాలుగా మధుమేహం ఉంది, మొన్నటి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 8.4 వచ్చింది. చంకలో ఒక లింఫు గ్రంథి కాస్త ఉబ్బినట్టు స్కాన్‌లో కనిపించిందని సూదితో నమూనా తీశారు, ఆ రిపోర్టు ఇంకా రాలేదు. నేను ఏమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు చిట్టచివర, పోతూ పోతూ గుర్తొచ్చినట్టు రాశారు. చంకలోని గ్రంథి నమూనా రిపోర్టు ఇంకా రాలేదన్నదే ఆ సంగతి. మీ ఇంట్లో వారు చెబుతున్న మాటలన్నిటి కంటే ఆ కాగితం మీద ఉండబోయే రెండు మూడు వాక్యాలకే మీ నిర్ణయంతో ఎక్కువ సంబంధం ఉంది. అది చేతికి వచ్చే వరకు మీ సర్జన్‌కు అవునని గానీ కాదని గానీ చెప్పవద్దన్నది నా మొదటి సలహా. దాని కోసం ఆపరేషన్ వారం రోజులు వెనక్కు జరిగినా మీకు నష్టం ఉండదు. నెలల తరబడి వాయిదా వేయడం మాత్రం తగదు.

గ్రంథిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయని తేలితే, రొమ్ము తొలగించిన తర్వాత ఛాతీ గోడకు, చంక పరిసరాలకు రేడియేషన్ ఇవ్వవలసిన అవకాశం బాగా పెరుగుతుంది. 4 లేదా అంతకన్నా ఎక్కువ గ్రంథులకు వ్యాధి పాకినప్పుడు రేడియేషన్ సాధారణంగా తప్పదు. 1 నుంచి 3 గ్రంథుల వరకు ఉంటే గడ్డ పరిమాణం, దాని స్వభావం, మీ వయసు వంటివి కూడా చూసి వైద్యులు నిర్ణయిస్తారు. రేడియేషన్ క్యాన్సర్ కణాలతో పాటు ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని, కొవ్వును, సన్నని రక్తనాళాలను కూడా ఎంతో కొంత దెబ్బతీస్తుంది, నెలలు గడిచేకొద్దీ ఆ భాగం బిగుసుకుంటుంది. రొమ్ము ఆకారం కోసం సిలికాన్ ఇంప్లాంట్‌ను లోపల పెట్టినప్పుడు శరీరం ఎలాగూ దాని చుట్టూ ఒక పలుచని పొరను అల్లుకుంటుంది. రేడియేషన్ పడితే ఆ పొర మందమై, ముడుచుకుని, ఇంప్లాంట్‌ను పిడికిట్లో పట్టి నొక్కినట్టు చేయవచ్చు. అప్పుడు రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం చెడుతుంది, కొందరికి నొప్పి కూడా వస్తుంది. అమెరికా, కెనడాలలోని వైద్య కేంద్రాల్లో రోగులను రెండేళ్ల పాటు గమనించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇంప్లాంట్ పెట్టించుకుని రేడియేషన్ కూడా తీసుకున్న వారిలో దాదాపు 19 శాతం మందికి పునర్నిర్మాణం విఫలమైంది. రేడియేషన్ అవసరం పడని ఇంప్లాంట్ల విషయంలో అది 4 శాతం లోపే ఉంది. సొంత శరీరంలోని కణజాలంతో చేయించుకున్న వారిలో రేడియేషన్ పడినా 1 శాతం దగ్గరే ఆగింది. అందుకే మా వంటి వారు "మీకు పునర్నిర్మాణం కావాలా" అని అడగడానికి ముందు "మీకు రేడియేషన్ పడుతుందా" అన్నది తేల్చుకోవాలి. ఆ క్రమం తారుమారైతే, నిర్ణయించుకోవలసిన భారమంతా సమాచారం లేని మనిషి మీద పడుతుంది, ఇప్పుడు మీ మీద పడినట్టే.

ఇక మీ అమ్మాయి మాట. అందులో సగం నిజం ఉంది, ఆ సగం చిన్నదేమీ కాదు. రొమ్ము తొలగించే రోజునే ప్లాస్టిక్ సర్జన్ కూడా ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే, లోపలి పాల గ్రంథుల కణజాలాన్ని మొత్తం తీసివేసి, పైనున్న చర్మాన్ని ఒక సంచిలా నిలిపి ఉంచవచ్చు. గడ్డ చనుమొనకు దూరంగా ఉంటే కొందరి విషయంలో చనుమొనను కూడా కాపాడవచ్చు. రొమ్ము కింద ఛాతీకి అంటుకునే చోట ఉండే మడత అలాగే నిలుస్తుంది. చూడటానికి అల్పంగా కనిపించే ఆ మడతే రొమ్ముకు రొమ్ము ఆకారాన్ని ఇచ్చేది. అది ఒకసారి చెరిగిపోతే మళ్లీ అదే చోట, అదే వంపుతో తీసుకురావడం ఎంత అనుభవం ఉన్న చేతికైనా కష్టం. తర్వాత ఎప్పుడో చేయించుకుంటే చర్మం చాలదు, దాన్ని సాగదీయాలి, లేదా మరో చోటి నుంచి తెచ్చి అతకాలి. కాబట్టి వెంటనే చేసినా తర్వాత చేసినా ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకండి. ఆకారం వరకు చూస్తే, రేడియేషన్ లేని వారికి, వెంటనే చేయించుకోవడమే మెరుగు.

కానీ "ఒకే మత్తులో అన్నీ అయిపోతాయి" అన్న రెండో సగం నిజం కాదు. ఇంప్లాంట్ పద్ధతిలో చాలామందికి మొదట ఎక్స్‌పాండర్ అనే సంచిని అమర్చుతారు. రెండు వారాలు గడిచాక, ఒకటి రెండు వారాలకు ఒకసారి, చర్మం మీద నుంచే సూది గుచ్చి అందులోకి కొంచెం కొంచెంగా సెలైన్ ఎక్కిస్తారు. ఎక్కించిన రోజూ మర్నాడూ ఛాతీకి పట్టీ బిగించినట్టు ఉంటుందని చెబుతారు. కొన్ని నెలల తర్వాత మరో ఆపరేషన్‌లో దాన్ని తీసి అసలు ఇంప్లాంట్ పెడతారు. చనుమొనను నిర్మించుకోవాలంటే అది ఇంకొకటి. రెండో రొమ్మును దీనికి సరితూగేలా పైకెత్తడమో తగ్గించడమో చేయవలసి వస్తే అది మరొకటి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చవలసి రావచ్చు. లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు కనుక, పెట్టించుకున్న 5 నుంచి 6 సంవత్సరాలకు మొదటిసారి ఎమ్మారై లేదా అల్ట్రాసౌండ్ చేయించుకుని, ఆ తర్వాత రెండు మూడేళ్లకు ఒకసారి చూపించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచిస్తోంది. గరుకు ఉపరితలం ఉన్న కొన్ని ఇంప్లాంట్ల చుట్టూ అరుదైన ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తున్నట్టు తేలడంతో 2019లో వాటిలో ఒక రకాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి ఉపసంహరించారు. మీకు పెట్టబోయేది నున్నటిదా గరుకుదా అని తప్పక అడగండి. నా దగ్గరకు వచ్చే వారికి నేను ఒక ఇంప్లాంట్‌ను చేతికి ఇచ్చి కాసేపు పట్టుకోమంటాను. "ఇంత చల్లగా ఉందేమిటండీ" అన్నదే ఎక్కువమంది మొదటి మాట. శరీరంలోకి వెళ్లాక కూడా చలి రోజుల్లో ఆ చల్లదనం తెలుస్తుందని పెట్టించుకున్న వారు చెబుతారు.

రెండో మార్గం సొంత కణజాలం. బొడ్డు కింది చర్మాన్ని, కొవ్వును, వాటికి రక్తం తెచ్చే నాళాలతో సహా తీసి, ఛాతీలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతారు. ఆ నాళాలు రెండు మూడు మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉంటాయి. పొట్ట కండరాన్ని తీయకుండా చేసే ఈ పద్ధతిని డీప్ ఫ్లాప్ అంటారు. రొమ్ము వెచ్చగా, మెత్తగా ఉంటుంది, మీరు బరువు పెరిగితే అదీ పెరుగుతుంది, ఏళ్ల తర్వాత మార్చవలసిన పని లేదు. ఇందుకు చెల్లించే మూల్యం కూడా పెద్దదే: ఒక పక్కకే 6 నుంచి 8 గంటల ఆపరేషన్, ఆసుపత్రిలో కొన్ని రోజులు, పొట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మచ్చ, పూర్తిగా కోలుకోవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. వీపు కండరాన్ని ముందుకు తిప్పి చేసే పద్ధతీ ఉంది, పొట్ట దగ్గర తగినంత కొవ్వు లేని వారికి అది పనికి వస్తుంది.

ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా స్పర్శ మునుపటిలా తిరిగి రాదు. ఈ మాటను చాలామంది సర్జన్లు ఆఖరున, గొంతు తగ్గించి చెబుతారు. నా ఉద్దేశంలో మొదటే చెప్పవలసింది ఇదే. అద్దంలో కనిపించే రొమ్ము వేరు, తాకితే తెలిసే రొమ్ము వేరు. స్పర్శ లేని చర్మం మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని, కాలిన సంగతి కూడా తెలియని వారున్నారు.

మీ విషయంలో మరో లెక్క మధుమేహం. హెచ్‌బీఏ1సీ 8.4 అంటే గాయం మానడానికి, చీము పట్టకుండా ఉండటానికి అది అనుకూలమైన అంకె కాదు. రొమ్ము తొలగించాక మిగిలే చర్మం అసలే పలుచన, దానికి అందే రక్తం తక్కువ. దాని కింద ఒక పరాయి వస్తువును ఉంచినప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే, మందులతో తగ్గకపోతే ఆ వస్తువును తీసివేయడం తప్ప గత్యంతరం ఉండదు. రొమ్ము తొలగింపు ఒక్కటే అయితే చిన్నపాటి గాయం సమస్య డ్రెస్సింగులతో మానుతుంది. అదే సమస్య పునర్నిర్మాణంతో కలిస్తే కీమోథెరపీని వెనక్కు నెట్టవచ్చు. ఆపరేషన్ తర్వాత కీమో అవసరమైన వారికి దాన్ని సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో మొదలుపెడతారు, 3 నెలలు దాటనివ్వకూడదు. మీ అక్క గారు "ముందు ప్రాణం" అన్నది ఈ అర్థంలో అయితే నేను ఆమె పక్షమే. మరో అర్థంలో, అంటే పునర్నిర్మాణం వల్లనే ప్రాణానికి ముప్పు అన్న అర్థంలో అయితే, కాదు.

ఆ భయం నిన్న మొన్నటిది కాదు. వంద సంవత్సరాలకు పైగా క్రితం రొమ్ము తొలగింపు ఆపరేషన్‌కు ఒక పద్ధతిని స్థిరపరిచిన విలియం హాల్‌స్టెడ్ తరం సర్జన్లు, ఛాతీని కప్పివేస్తే తిరిగి వచ్చే క్యాన్సర్ దాగిపోతుందని పునర్నిర్మాణాన్ని ఒప్పుకునేవారు కాదు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో పునర్నిర్మాణం చేయించుకున్న వారికి వ్యాధి ఎక్కువగా తిరిగి వచ్చినట్టు గానీ, ఆయుష్షు తగ్గినట్టు గానీ తేలలేదు. తిరిగి వస్తే అది చాలావరకు చర్మంలోనో, చర్మం కిందనో వస్తుంది. ఇంప్లాంట్ అయినా ఫ్లాప్ అయినా దాని వెనుక కాక ముందే ఉంటుంది కనుక చేతికి తగులుతుంది. ఆ పక్కకు మామోగ్రామ్ సాధారణంగా అవసరం ఉండదు, రెండో రొమ్ముకు మాత్రం ఏటా మానకూడదు.

ఇప్పుడు ఏం చెప్పాలి అన్న ప్రశ్నకు వద్దాం. రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవని వస్తే, అప్పుడు కూడా మీ సర్జన్‌ను ఒక మాట అడగండి: సెంటినెల్ గ్రంథి (క్యాన్సర్ పాకితే మొదట చేరే చంక గ్రంథి) పరీక్షను రొమ్ము తొలగింపుకు ముందే, విడిగా చిన్న ఆపరేషన్‌గా చేయగలరా అని. సూదితో తీసిన నమూనాలో కనిపించనిది అందులో బయటపడవచ్చు. అదీ బాగుంటే, మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకుంటూ, వెంటనే పునర్నిర్మాణానికి అవునని చెప్పడంలో నాకు సంకోచం లేదు. రిపోర్టులో కణాలు ఉన్నాయని వస్తే, మొదట కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేద్దామని ఆంకాలజిస్ట్ చెప్పే అవకాశం ఉంది. అలా అయితే మీ 12 రోజులు కాస్తా నాలుగైదు నెలలు అవుతాయి. ఆలోచించుకోవడానికీ, చక్కెరను తగ్గించుకోవడానికీ అంత వ్యవధి చికిత్సలో భాగంగానే దొరుకుతుంది. అలా కాక ముందే ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అని తేలితే, ఇప్పుడు తొలగింపు మాత్రం చేయించుకుని, రేడియేషన్ అయిన 6 నెలలకో సంవత్సరానికో సొంత కణజాలంతో పునర్నిర్మాణం చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. రేడియేషన్ సంగతి ఎటూ తేలనప్పుడు మధ్యే మార్గం ఒకటి ఉంది: ఎక్స్‌పాండర్‌ను మాత్రం పెట్టి చర్మపు సంచిని నిలిపి ఉంచి, రేడియేషన్ గడిచాక అసలు పునర్నిర్మాణం చేస్తారు. మీ చక్కెర ఇప్పుడున్నంత ఎక్కువగా ఉంటే ఈ మధ్యే మార్గాన్ని నేను అంత గట్టిగా సమర్థించను.

మీరు అడగని ఒక మార్గం గురించి కూడా చెప్పాలి. అసలు పునర్నిర్మాణమే వద్దనుకుని, చదునైన ఛాతీతో హాయిగా ఉన్న వారు చాలామంది. కొందరు లోదుస్తుల్లో అమర్చుకునే కృత్రిమ రొమ్మును వాడతారు, కొందరు అదీ వాడరు. అలా అనుకుంటే, ఆ మాట ముందుగానే స్పష్టంగా చెప్పి, చంక వైపు చర్మం మడతలుగా వేలాడకుండా చదునుగా కుట్టమని అడగాలి. అడగకపోతే, "తర్వాత మనసు మార్చుకుంటారేమో" అని అదనపు చర్మం వదిలేసే సర్జన్లు ఉన్నారు. ఇప్పుడు వద్దనుకున్న మనిషి 5 సంవత్సరాల తర్వాత కావాలనుకున్నా దారి మూసుకుపోదు.

సిగ్గు గురించి రాశారు. 46 సంవత్సరాలు ఉన్న మనిషి తన శరీరం గురించి ఆలోచించడంలో సిగ్గుపడవలసినది నాకేమీ కనిపించలేదు. నా అనుభవంలో 70 దాటిన వారు కూడా ఇదే ప్రశ్న అడిగారు, 30 నిండని వారు "నాకు అక్కర్లేదు" అని తేల్చి చెప్పారు.

ప్లాస్టిక్ సర్జన్‌ను కలిసినప్పుడు ఫోటోలు చూపించమనండి, అయితే బాగా కుదిరినవే కాదు, కుదరనివి కూడా. మా వృత్తిలో ఉన్న ఒక చెడ్డ అలవాటు, మచ్చలు మాసిపోయిన నాటి అందమైన ఫోటోలనే ఎంచి చూపించడం. గత సంవత్సరం ఆయన స్వయంగా ఎన్ని డీప్ ఫ్లాప్‌లు చేశారో, ఎన్నిటిని మళ్లీ థియేటర్‌కు తీసుకువెళ్లవలసి వచ్చిందో అడగండి. ఆ ప్రశ్నకు చిరాకు పడే సర్జన్ దగ్గర మీరు 8 గంటలు మత్తులో ఉండవలసిన అవసరం లేదు. వెళ్లేటప్పుడు మీ అమ్మాయిని తీసుకువెళ్లండి. "నీ ఇష్టం" అంటున్న మీ వారిని కూడా తీసుకువెళ్లండి. బహుశా ఏం అడగాలో తెలియకనే ఆయన ఆ మాట అంటున్నారు.

ప్రశ్న: వచ్చే వారం నా భార్యకు రొమ్ము తొలగింపు, దాంతో పాటే పొట్ట కణజాలంతో పునర్నిర్మాణం జరగబోతున్నాయి. "ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకు, నువ్వు ఎలా ఉన్నా నాకు ఒకటే" అన్నాను. ప్రేమగానే అన్నాను. అప్పటి నుంచి ఆమె నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆపరేషన్ తర్వాత నేను చేయగలిగినది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు

సమాధానం: మీ మాటలో ప్రేమ ఉందని ఆమెకు తెలిసే ఉంటుంది. అయితే ఆమె ఈ ఆపరేషన్‌ను మీ కోసం చేయించుకుంటున్నట్టు మీరు అనుకున్నారని కూడా ఆ మాటలోనే తెలిసిపోయింది. పొద్దున లేచి దుస్తులు వేసుకునేటప్పుడు తన ఒళ్లు తనకు ఎలా ఉండాలో ఆమె తేల్చుకుంది. దాన్ని మళ్లీ చర్చకు పెట్టకండి, ఆ మాట అన్నందుకు ఒక్కసారి క్షమాపణ చెప్పి, పనిలో దిగండి.

పని చాలా ఉంటుంది. మొదటి రాత్రి నర్సు గంటకోసారి వచ్చి కొత్త రొమ్ము రంగు, వెచ్చదనం చూస్తుంది, కలం లాంటి డాప్లర్ పరికరాన్ని ఆనించి రక్తం పారే చప్పుడు వింటుంది. హుష్, హుష్ అని లయగా వినిపించే ఆ శబ్దం ఆగిపోతే వెంటనే థియేటర్‌కు తీసుకువెళతారు. అలా జరగడం అరుదే గానీ, జరిగితే కంగారుపడి ఆమెను కంగారుపెట్టకుండా ఉండటానికి ఈ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి. పొట్ట కుట్లు లాగుతాయి కనుక మొదటి వారం పది రోజులు ఆమె నడుము వంచి నడుస్తుంది, పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండ్లు కావాలి. ఆరు వారాల వరకు బరువులు ఎత్తకూడదు. భుజం వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ చెబుతారు. చెప్పిన రోజు నుంచి మానకుండా చేయించండి, లేకపోతే భుజం పట్టేస్తుంది. కట్టు విప్పిన రోజు ఆమె చూడమంటే చూడండి, వద్దంటే బయటికి వెళ్లండి. ఛాతీ నుంచీ పొట్ట నుంచీ వచ్చే సన్నని గొట్టాలకు చిన్న సీసాలు తగిలించి ఇంటికి పంపుతారు. వాటిని రోజుకు రెండుసార్లు ఖాళీ చేసి, ఏ సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో ఉందో తేదీతో సహా ఒక పుస్తకంలో రాయాలి. ఒక గొట్టంలో 24 గంటలకు 30 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తే ఆ పుస్తకం పట్టుకుని సర్జన్‌కు ఫోన్ చేయండి, తీయవచ్చో లేదో ఆయన చెబుతారు.